బోరు నీళ్లు పోస్తే... ఇంజనుకే ఎసరు!

పాత సరుకు బండ్లకు కూలెంటే శ్రీరామరక్ష

ముళబాగిలు: టమాటా క్రేట్లతో తెల్లారేసరికి చెన్నై చేరాల్సిన బండి దారిలో ఆవిరి కక్కుతూ నిలబడితే నష్టం ఒక్క ఇంజనుతో పోదు. మార్కెట్ వేళ దాటితే సరుకు ధర పడిపోతుంది. బాడుగ రాదు. ఫైనాన్స్ కంతు మాత్రం ఆగదు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాల్లో పాత టాటా 407లు, పికప్‌లు సొంతంగా తోలుకుంటున్న తెలుగువాళ్లకు ఈ కష్టం తెలియనిది కాదు.

407 రోడ్డెక్కింది 1986లో. ఆ కాలం ఇంజన్లకు కంప్యూటర్ గొడవ లేదు. ఏ ఊళ్లో అయినా విప్పి బిగించొచ్చు. ఆ ధీమాతోనే చాలామంది చిన్న జబ్బును ముదరబెట్టుకుంటున్నారు.

నీళ్లతోనే మొదలు

కోలారు జిల్లాలో బోర్లు ఎప్పుడో లోతుకు పోయాయి. ఆ నీళ్లలో లవణాలు ఎక్కువ. టీ కొట్టు దగ్గర బిందెడు పట్టి రేడియేటర్‌లో పోస్తే, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టినట్టే ఇంజన్ లోపలా తెల్లటి గార కడుతుంది. గార వేడిని బయటికి పోనివ్వదు. రేడియేటర్ సన్న గొట్టాలు పూడుకుపోతాయి.

చదును రోడ్డు మీద ఇదేమీ తెలియదు. తిరుగు ప్రయాణంలో చిత్తూరు వైపు నుంచి పలమనేరుకు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఎర్రగీత తాకుతుంది. అప్పటికీ ఆపకపోతే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. ఆయిల్‌లో నీళ్లు కలుస్తాయి. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే బండి ఇక స్టార్ట్ చేయకూడదు.

వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకి పారేసేవాళ్లూ ఉన్నారు. దాంతో జబ్బు పోదు. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

పొగ రంగు చూడండి

* నల్ల పొగ: డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఆ తర్వాతే నాజిళ్లు, పంపు.
* నీలి పొగ: ఇంజన్ ఆయిల్ తాగుతోంది. రింగులో, వాల్వు గైడ్లో అరిగాయి. బండి నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గాలి బుస్సున తన్నుకొస్తే రింగుల మీదే అనుమానం.
* తెల్ల పొగ: చలి పొద్దున కాసేపు వచ్చి ఆగితే భయం లేదు. ఇంజన్ వేడెక్కాకా ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లూ తగ్గుతుంటే గ్యాస్కెట్ పోయినట్టే.

ఘాట్‌లో ముల్లు పైకి లేస్తే...

బండి పక్కకు తీయాలి. బెల్టు తెగినా, హోసు పగిలినా ఇంజన్ తక్షణం ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటి ఒత్తిడితో ఉంటాయి, ముఖం కాలుతుంది. కాలుతున్న ఇంజన్‌లో చల్లనీళ్లు పోసినా ముప్పే, హెడ్ చీలుతుంది. అరగంటైనా ఆగి, చేయి పెడితే కాలనంతగా చల్లారాకే గుడ్డ వేసి మూత మెల్లగా తిప్పాలి.

గార కట్టిన పాత రేడియేటర్‌ను ట్యాంకు విప్పించి గొట్టాల్లో సన్న కమ్మీ దూర్చి శుభ్రం చేయించొచ్చు. ఆ తర్వాత కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయాలి. దారిలో అవి దొరక్కపోతే బోరు నీళ్లకంటే వాన నీళ్లు నయం.

ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ తప్పదు. పొగ కొట్టే బండికి అక్కడా ఇబ్బందే. ఒక్క హెడ్ పనికి అయ్యే ఖర్చుతో కొన్నేళ్లకు సరిపడా కూలెంట్ కొనుక్కోవచ్చు.