ఖైదీ గీసిన దేవాలయం

సిడ్నీలోని సెయింట్ జేమ్స్ చర్చికి నమూనా గీసినవాడు శిక్ష పడిన ఖైదీ. పేరు ఫ్రాన్సిస్ గ్రీన్‌వే. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో భవనాలు కట్టేవాడు. దివాలా తీశాక ఒక ఒప్పంద పత్రాన్ని ఫోర్జరీ చేశాడు. 1812లో ఉరిశిక్ష పడింది. తరువాత దానిని 14 ఏళ్ల ద్వీపాంతరవాసంగా మార్చారు.

1814లో సిడ్నీలో ఓడ దిగాడు. గవర్నర్ మెక్వారీ అతని పనితనం చూసి లైట్‌హౌస్, ఖైదీల బ్యారక్స్ వంటివి కట్టించాడు. 1819లో పూర్తి క్షమాపణ ఇచ్చాడు. గ్రీన్‌వే సాధువేమీ కాదు, గర్విష్ఠి, డబ్బు దగ్గర తగాదాలమారి.

కోర్టు కోసం మొదలైన కట్టడమే తరువాత సెయింట్ జేమ్స్ చర్చి అయింది. 1824లో దానిని ప్రతిష్ఠించినవారు రెవరెండ్ శామ్యూల్ మార్స్‌డెన్. 1814 క్రిస్మస్ నాడు న్యూజిలాండ్‌లో మావోరీలకు సువార్త చెప్పిన ఈయన పేరును మిషనరీ చరిత్రలో మనం గౌరవంగా తలుచుకుంటాం. అయితే 1810లో, విడుదలైన ఖైదీలతో కలిసి రోడ్డు కమిటీలో పనిచేయనని ఈయనే నిరాకరించారు. సువార్త కోసం సముద్రం దాటిన దైవజనునికి, శిక్ష తీరినవాని పక్కన కూర్చోవడం కష్టమైంది.

అందుకే మేము అడుగుతున్నాం: జైలు పరిచర్యకు కానుకలిచ్చే మన సంఘాల్లో, విడుదలై వచ్చిన సహోదరునికి వెనుక బెంచీ తప్ప ఇంకేమిస్తున్నాం? ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర చోటుందా? సంఘ కమిటీలో?

1822లో గ్రీన్‌వే ఉద్యోగం పోయింది. 1837లో పేదరికంలో చనిపోయాడు. 1966లో ఆస్ట్రేలియా 10 డాలర్ల నోటు మీద అతని బొమ్మ వేశారు, ఫోర్జరీ చేసినవాని బొమ్మ! ఈస్ట్ మైట్లండ్‌లో అతనిదని చెప్పే సమాధికి పేరు రాసిన రాయి లేదు.