చిక్కు వీడని మనస్సులకు క్రొత్త చికిత్స

నెల్లూరికి తూర్పున, ఇందుకూరుపేట దాటి మైపాడు చేరినవారికి ముందుగా కన్పట్టునవి వలలు, పడవలు, సెలవు దినములందు సముద్రస్నానమునకై వచ్చిన జనసందోహము. కాని 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారమునాడు ఈ నెల్లూరు తీరముపై సునామీ విరుచుకొనిపడినది. అట్టి ఉత్పాతముల పిమ్మట, దేహమున గాయమేమియు లేకున్నను, కొందరికి ఏండ్ల తరబడి నిద్ర పట్టదు. చిన్న చప్పుడైనను ఉలికిపడుదురు. నాటి దృశ్యమే మరల మరల కన్నులకు కట్టుచుండును. వైద్యులు పి.టి.ఎస్.డి. అని పేర్కొను ఈ వ్యాధికిని, దీర్ఘకాలిక విషాదమునకును వాడుకలోనున్న మందులు పెక్కురకు మేలు చేయుచున్నను, వానికి లొంగని రోగులు తక్కువ మంది కారు. వారి కొరకే శాస్త్రజ్ఞులు, అర్ధశతాబ్ది క్రిందట త్యజింపబడిన, చైతన్యస్థితిని కొంతసేపు మార్చు సైకెడెలిక్ ద్రవ్యములను తిరిగి పరీక్షించుచున్నారు.

1943లో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున రసాయనశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఇట్టి ద్రవ్యమైన ఎల్.ఎస్.డి. ప్రభావమును కనుగొనెను, మెక్సికోలోని మజటెక్ జనులు తరతరములుగా వైద్యమునకును పూజకును వాడు పుట్టగొడుగులనుండి సైలోసిబిన్‌ను 1958లో వేరుచేసినవాడును ఆయనయే. ఈ ద్రవ్యములు ఆసుపత్రులనుండి వీథులకెక్కి దుర్వినియోగమైన పిమ్మట, 1971 నాటి అంతర్జాతీయ ఒడంబడిక వీనిని కట్టడి చేసినది.

ఇప్పటి చికిత్స వేడుక కాదు. రోగిని ముందుగా పలుమార్లు మాటలాడి సిద్ధపరచి, నిశ్శబ్దమైన గదిలో పరుండబెట్టి, కన్నులకు గంతలు కట్టి, మృదుసంగీతము వినిపించుచు, శిక్షణ పొందినవారు గంటలకొలది ప్రక్కనే కూర్చుందురు. మందు మెదడులోని సెరటోనిన్ గ్రాహకములపై పనిచేసి, ఘనీభవించిన ఆలోచనాసరణిని సడలించునని పరిశోధకుల అభిప్రాయము. అయితే వల సడలినంతమాత్రమున చిక్కు వీడదు. కూర్చుండి ఒక్కొక్క ముడిని విప్పు వ్రేళ్లు కావలెను. ఆ పని పిదప జరుగు సంభాషణలది. దీనిని విడిచి మందునే పొగడుట రోగికి ద్రోహమని నా నిశ్చితాభిప్రాయము.

ఫలితములును మిశ్రములే. చికిత్సకు లొంగని విషాదముగల 233 మందిపై జరిగి 2022లో ప్రకటితమైన పరిశోధనలో, 25 మిల్లీగ్రాముల సైలోసిబిన్ ఒక్కమారు పుచ్చుకొన్నవారిలో 37 శాతము మందికి మూడు వారములకు గణనీయమైన ఉపశమనము కలిగెను; 12 వారములవరకు అది నిలిచినది సుమారు 20 శాతము మందియందే. 2023 జూలై 1 నుండి ఆస్ట్రేలియా పరిమితముగా ఇట్టి చికిత్సనంగీకరించినది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రము 2024 ఆగస్టులో, పి.టి.ఎస్.డి. చికిత్సకై ఎం.డి.ఎం.ఎ. అను మరియొక ద్రవ్యమును అనుమతింపుమను దరఖాస్తును త్రోసిపుచ్చినది.

మన దేశమున ఎల్.ఎస్.డి., సైలోసిబిన్‌లను కలిగియుండుట 1985 నాటి మాదకద్రవ్య చట్టము ప్రకారము నేరము. ఆపరేషను గదులలో మత్తుమందుగా పరిచితమైన కెటమైన్ వేరు జాతిది. అదియు వైద్యుని చేతనే యుండదగినది. మతి భ్రమింపజేయు ఉమ్మెత్త గింజలనైతే వీనితో ఒక్క గాట కట్టనే రాదు. అవి ప్రాణాంతక విషము.

కావున మనసు చెదిరినవారెవరును ఈ ద్రవ్యముల కొరకు చాటుమాటున వెదకవలదు. ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా తెలుగుననే మాటలాడవచ్చును.