అజ్యూమ్, ప్రిజ్యూమ్ – తేడా తెలుసుకుందాం

తెలుగు మీడియంలో చదివి, మా ఇళ్లల్లో మొదటగా డిగ్రీ పూర్తి చేసి పీజీకి వచ్చిన ఈ హాస్టల్ పాత విద్యార్థులం మేము. పీజీలో మాకు తరచుగా ఎదురైన రెండు ఇంగ్లీషు మాటల గురించి నాలుగు ముక్కలు చెబుతాం.

అజ్యూమ్, ప్రిజ్యూమ్ రెండింటికీ డిక్షనరీలో ‘అనుకొను, భావించు’ అనే ఉంటుంది. రెండూ ‘తీసుకొను’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి పుట్టినవే. తేడా ఆధారంలో ఉంది.

ఆధారం లేకుండానే నిజమని పెట్టుకుంటే అజ్యూమ్. పదో తరగతి లెక్కల్లో √2 అకరణీయ సంఖ్య అనుకుని మొదలుపెడతాం. చివరకు అది పొసగదని తేలుతుంది. ఆ మొదటి ‘అనుకోవడం’ అజంప్షన్. బాధ్యతలు స్వీకరించడాన్ని కూడా అజ్యూమ్ అంటారు.

కొంత ఆధారంతో అనుకుంటే ప్రిజ్యూమ్. మెస్ గంట మోగింది కాబట్టి వంట అయ్యిందనుకోవడం ఇలాంటిదే. మామూలు మాటల్లో ఒకదాని బదులు ఒకటి వాడేవారూ ఉన్నారు. చట్టంలో మాత్రం ప్రిజ్యూమ్‌కు ప్రత్యేకమైన అర్థం ఉంది. కాదని రుజువయ్యే వరకు నిజంగానే తీసుకోవాలి. నేరం రుజువయ్యే దాకా నిందితుడు నిర్దోషి అనే సూత్రం అలాంటిదే.

మనం తప్పక తెలుసుకోవలసినవి ఇంకో రెండున్నాయి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, షెడ్యూల్డ్ కులాల వ్యక్తి పట్ల ఆ చట్టం కింద నేరం జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ప్రిజ్యూమ్ చేయాలి. కాదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, బాధితుణ్ణి గానీ అతని కుటుంబాన్ని గానీ వ్యక్తిగతంగా ఎరిగిన నిందితుడికి బాధితుడి కులం, తెగ కూడా తెలుసునని కోర్టు ప్రిజ్యూమ్ చేయాలి. ‘కులం తెలియదు’ అని ఊరికే అంటే చాలదు. ఒక్క మాట రుజువు భారాన్ని ఇటు నుంచి అటు మార్చేసింది చూడండి!

బయట లోకంలో ఆ భారం ఇంకా మన మీదే ఉంది. ‘హాస్టల్ పిల్లలకు ఇంగ్లీషు రాదు’ అని చాలామంది అజ్యూమ్ చేస్తారు. అందుకు వాళ్ల దగ్గర ఆధారమేమీ లేదు. అయినా కాదని చూపించాల్సింది మనమే అవుతున్నాం. ఇది న్యాయం కాదు. అందుకే కనీసం మనమైనా ‘మాకు రాదులే’ అని అజ్యూమ్ చేయొద్దు. ఈ రోజే ఈ రెండు మాటలతో చెరో రెండు వాక్యాలు రాసి, పక్క మంచం మిత్రుడికి చదివి వినిపించండి.