1.2 వోల్టులు తక్కువేం కాదు

బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన తెలుగు పాఠకుడొకరు ఉత్తరం రాశారు. సెలవు రోజున రైతు అనుమతి తీసుకుని, దున్నిన పొలాల్లో మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెదకడం ఆయన సరదా. డిటెక్టర్‌లో నాలుగు పెన్సిల్ సెల్స్ పడతాయి. వాడి పారేసే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2. నాలుగూ కలిపితే అవి 6, ఇవి 4.8. చార్జింగ్ సెల్స్ వేస్తే లోతున ఉన్న నాణెం అందకుండా పోతుందా అన్నది ఆయన అనుమానం.

పోదు. తీగచుట్టలో మారే విద్యుత్తు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, దాంతో లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటిని పరికరం పసిగడుతుంది. ఇప్పటి డిటెక్టర్లలో చాలావాటికి లోపల వోల్టేజ్ రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి సెల్స్ కాస్త అటూఇటూ అయినా తీగచుట్టకు అందేది మారదు. అసలు విశేషం సెల్ లోపల ఉంది.

1.5 అనేది ఆల్కలైన్ సెల్ కొత్తగా ఉన్నప్పటి లెక్క. సగం వాడేసరికి అదీ 1.2 దగ్గరకు దిగుతుంది, చివరికి 0.9కి చేరుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ మాత్రం దాదాపు ఆఖరి వరకూ 1.2 దగ్గరే నిలబడుతుంది. ఎందుకు?

ఆల్కలైన్ సెల్‌లో జింక్ వదిలిన ఎలక్ట్రాన్‌ను మాంగనీస్ డయాక్సైడ్ అందుకుంటుంది. దాంతోపాటే నీటి నుంచి ఒక ప్రోటాన్ ఆ స్ఫటికంలోకి దూరుతుంది. పక్కన వేరే పదార్థమేదీ పుట్టదు, ఉన్నదే మొత్తంగా కొద్దికొద్దిగా మారుతుంది. ప్రోటాన్లు నిండేకొద్దీ తర్వాత వచ్చేదానికి లోపల ఆకర్షణ తగ్గుతుంది. అందుకే వోల్టేజ్ మొదటి నుంచే జారుతుంది.

రెండో సెల్‌లో రుణ ఎలక్ట్రోడ్ హైడ్రోజన్‌ను పీల్చుకునే మిశ్రమలోహం. కొద్దిపాటి హైడ్రోజన్ లోహంలో కరిగి ఉంటుంది. హద్దు దాటితే హైడ్రైడ్ అనే వేరే దశ పుడుతుంది. సెల్ పనిచేస్తున్నంతసేపూ రెండు దశలూ పక్కపక్కనే ఉంటాయి. హైడ్రైడ్ పాలు తగ్గి లోహం పాలు పెరుగుతుందే తప్ప ఏ దశ స్వభావమూ మారదు. ఎసరు మరుగుతుండగా మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోవడం కూడా ఈ సూత్రమే: నీరు, ఆవిరి రెండూ ఉన్నంతవరకూ ఉష్ణోగ్రత కదలదు. ఇక్కడ కదలనిది వోల్టేజ్. అవతలి నికెల్ ఎలక్ట్రోడ్ కూడా ఇంచుమించు ఇలాగే నడుచుకుంటుంది. ఎంత అందమైన ఏర్పాటు!

హైడ్రోజన్‌ను పీల్చే ఈ రకం మిశ్రమలోహం బ్యాటరీల కోసం వెదికితే దొరికింది కాదు. 1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధకులు సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలను పరీక్షిస్తుంటే, ఆ లోహం హైడ్రోజన్‌ను తాగేస్తోందని బయటపడింది. ఆ దారిన పోతే లాంథనం-నికెల్ మిశ్రమం దొరికింది: ఒక లాంథనం, ఐదు నికెల్ పరమాణువులకు ఆరు హైడ్రోజన్ పరమాణువులు. ద్రవ హైడ్రోజన్‌లో కన్నా ఇందులో హైడ్రోజన్ చిక్కగా ఇముడుతుంది. కానీ ప్రతిసారీ ఉబ్బి, కుంచించుకుని లోహం పొడి అయ్యేది, తుప్పు పట్టేది. 1984లో అక్కడే విల్లెమ్స్ అనే పరిశోధకుడు కొంత నికెల్ స్థానంలో కోబాల్ట్ చేర్చి, మరికొన్ని మార్పులు చేసి ఆ తుప్పుకు కళ్లెం వేశారు. ఆ దశాబ్దం ముగిసేసరికి సెల్స్ బజారుకొచ్చాయి.

పూర్తిగా అయిపోయాకే చార్జ్ చేయాలని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అది అంతకుముందరి నికెల్ కాడ్మియం సెల్స్ కాలపు భయం. ఈ సెల్స్‌ను మరీ ఖాళీ చేస్తే మాత్రం హాని: వరసలో ముందుగా అయిపోయిన సెల్ ధ్రువాలను మిగతావి తారుమారు చేస్తాయి. పాతవీ కొత్తవీ కలిపి వేయకూడదనేది ఇందుకే.

నాకు చిరాకు తెప్పించేది డిటెక్టర్ మీది బ్యాటరీ గీతలు. అవి ఆల్కలైన్ జారుడును బట్టి గీసినవైతే, నిండుగా చార్జ్ చేసిన సెల్స్‌ను కూడా సగమే ఉన్నట్టు చూపిస్తాయి. గంటలతరబడి అక్కడే నిలిచి, చివర్లో ఒక్కసారిగా కుప్పకూలుతాయి. సెల్ రకం ఎంచుకునే వీలు మెనూలో పెట్టడం పెద్ద పనేం కాదు, తయారీదారులు పెట్టాలి. అంతవరకూ చార్జింగ్ సెల్సే వాడండి, జేబులో సీలు తీయని ఆల్కలైన్ సెట్ ఒకటి ఉంచుకోండి. అవి ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి.

గుడి దగ్గరో సినిమాహాల్లోనో చేత్తో తడిమే డిటెక్టర్‌లో 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఉంటే, చార్జింగ్ రకం కొనేముందు దాని మీద 8.4 అని ఉందో 7.2 అని ఉందో చూడండి. మొదటిదానిలో ఏడు సెల్స్, రెండోదానిలో ఆరు. 9కి దగ్గరగా ఉండే ఏడు సెల్స్‌దే తీసుకోండి.