సినిమా ఓడ ఎంత పెద్దది?

టీవీలో 'స్టార్ వార్స్' వస్తోంది. అది 1977లో వచ్చిన అమెరికా సినిమా. ఆకాశంలో ఒక ఓడ పోతోంది. ఎంతసేపు చూసినా దాని తోక రాదు.

"నాయనమ్మా! కథలో ఆ ఓడ పొడవు 1600 మీటర్లు" అన్నాడు మనవడు.

"అంటే ఎంతరా?" అంది నాయనమ్మ.

మనకు తెలిసిన కొలతతో చూద్దాం. చీర పొడవు 6 గజాలు. అంటే సుమారు ఐదున్నర మీటర్లు. ఆ ఓడ పొడవుకు దాదాపు 290 చీరలు వరసగా పరవాలి. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే 20 నిమిషాలు పడుతుంది. ఇంచుమించు ఒక మైలు.

కానీ అలాంటి ఓడ నిజంగా లేదు. సినిమా కోసం బొమ్మ చేశారు. దాని పొడవు 3 అడుగులే. బొమ్మకు దగ్గరగా కెమెరా పెట్టి తీశారు. అందుకే అంత పెద్దగా కనబడింది.

"3 అడుగులంటే గజం. పూలు కొలిచే రెండు మూరలే గదా!" అని నవ్వింది నాయనమ్మ.

మరి నిజం రాకెట్టు? శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. ఎత్తు 44 మీటర్లు. 8 చీరలంత.

అంకె పెద్దదని బెదరవద్దు. మట్టిపనికి కూలి కూడా కొలతను బట్టే ఇస్తారు. నాయనమ్మలాగే "అంటే ఎంత?" అని అడగండి. మీరూ కొలిచి చూసుకోండి.