ఊటనీళ్లు తేటగా ఉన్నాయా?

చేబ్రోలు దగ్గర నేల రెండు రంగుల్లో కనబడుతుంది. గుంటూరు వైపు నుంచి వస్తుంటే ఎర్రమట్టి, గ్రావెల్ క్వారీలు. చతుర్ముఖ బ్రహ్మ కొలువున్న కోనేరు దాటి తెనాలి వైపు కదిలితే కాలవల కింది నల్లనేల. అక్కడి నుంచి రేపల్లె దాకా కొండన్నది లేదు. పొలం, కాలవ, మురుగుకాలవ, మళ్లీ పొలం. ఆ చదునులో తలెత్తి చూడాల్సినంత ఎత్తు ఎదురయ్యేది కృష్ణ కరకట్ట దగ్గరే. అది మనుషులు తట్టలతో, తర్వాత లారీలతో తెచ్చి పోసిన మట్టి. అవతల నది, ఇవతల ఊళ్లు. నిండు వరదలో అవతలి నీరు ఇవతలి ఇళ్ల గడపలకన్నా ఎత్తున నిలబడుతుంది.

డ్యాం అనగానే మనకు నాగార్జునసాగర్ గుర్తొస్తుంది. కానీ డెల్టా పల్లెను వరద నుంచి కాపాడేది ఈ మట్టికట్టే. ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ గేట్లలోంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. అదే జోరు రోజంతా నిలిస్తే దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీ పట్టేది సుమారు 3 టీఎంసీలు, అంటే ముప్పావుగంట నీరు. పైనున్న పులిచింతల మొత్తం సామర్థ్యం 45.77 టీఎంసీలు. అది పూర్తిగా ఖాళీగా ఉన్నా సగం రోజు తిరక్కుండా నిండిపోతుంది. అంత వరదను బ్యారేజీ ఆపలేదు, దారి మాత్రమే ఇస్తుంది. ఆ దారికి రెండు గట్లు కరకట్టలు. 2009 అక్టోబరులో 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర కుడి కరకట్టకు గండి పడి, రేపల్లె వైపు ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. వరద పెరిగిన ప్రతిసారీ ఈ వైపు జనం నోట ముందు వచ్చే పేరు ఓలేరే.

గండి ఎలా పడుతుంది? ఒడ్డు దాటి నీరు పొర్లితేనే పడుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. ప్రపంచంలో తెగిన పెద్ద మట్టి డ్యాంల చరిత్ర తీస్తే దాదాపు సగం పైనుంచి పొర్లి తెగాయి. ఇంచుమించు అన్నే, నీరు అంచు దాకా రాకుండానే లోపలినుంచి తెగాయి. ఆ రెండోదాన్ని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని ముందే పసిగట్టవచ్చు.

మట్టిని ఎంత కుదించినా అందులో సందులుంటాయి. నదివైపు నీరు నిలబడితే ఆ సందుల్లోంచి మెల్లగా ఇంకి, కట్ట లోపల ఏటవాలుగా దిగుతూ ఊరివైపు అడుగున చెమ్మగా తేలుతుంది. కట్ట అడుగు అంత వెడల్పుగా ఉండేది ఇందుకే: ఊట దారి పొడవైనకొద్దీ దాని బలం చస్తుంది. నీటి తోపుడు కూడా సామాన్యం కాదు. మీటరు పొడవు కట్టను తీసుకుంటే, మూడు మీటర్ల లోతు నీరు దాని మీద సుమారు నాలుగున్నర టన్నుల బరువుతో తోస్తుంది. లోతు ఆరు మీటర్లయితే పద్దెనిమిది టన్నులు. లోతు రెట్టింపైతే తోపుడు నాలుగింతలు.

కాబట్టి కట్ట కింద ఊట కనబడగానే గుండె జారనక్కర్లేదు. వంగి చూడాల్సింది దాని రంగు. తేటగా వస్తుంటే, ఊట పెరగకుండా ఉంటే, కట్ట తన పని తాను చేసుకుంటున్నట్టు. బురదగా వస్తే మాత్రం నీటితోపాటు కట్ట కూడా బయటికి వస్తున్నట్టు. లోపల రేణువు రేణువే కొట్టుకుపోతూ, ఊరివైపు నుంచి నదివైపుకు ఒక సొరంగం తొలుచుకుపోతుంటుంది. పందికొక్కు బొరియ ఉంటే, కొట్టేసిన తుమ్మచెట్టు వేరు లోపల చివికి గొట్టంలా మిగిలితే, ఆ సొరంగానికి సగం పని ముందే అయిపోయినట్టు. పాత తూముల పక్కన, సిమెంటుకూ మట్టికీ మధ్య పడే సందు కూడా అంతే ప్రమాదం.

ఇది ఎంత తొందరగా ముదురుతుందో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో టీటన్ డ్యాం చూపించింది. మొదటిసారి నింపుతుండగా 1976 జూన్ 5 ఉదయం దిగువన బురద ఊట కనబడింది. బుల్డోజర్లతో మట్టి తోసి రంధ్రం పూడ్చబోతే ఆ బుల్డోజర్లే జారి కొట్టుకుపోయాయి. మధ్యాహ్నం కాకముందే 93 మీటర్ల కట్ట తెగింది.

ఊట ఒక్కోసారి కట్టకు కాస్త దూరాన, పొలంలోనే ఇసుకను ఎగజిమ్ముతూ బుగ్గలా లేస్తుంది. దాని మీద బస్తాలు పడేసి నోరు మూయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది పొరపాటు. మూస్తే నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. బుగ్గ చుట్టూ ఇసుకబస్తాలతో బావి ఒరలాగా గుండ్రంగా కట్టాలి. లోపల నీరు కొంత ఎత్తుకు పెరిగి కిందినుంచి వచ్చే ఒత్తిడిని తగ్గిస్తుంది. ఇసుక రావడం ఆగి తేటనీరు పొర్లుతుంటే పని కుదిరినట్టే. నీటిని ఆపకుండా మట్టిని మాత్రం ఆపడమే ఇక్కడి కిటుకు. దీన్ని కరకట్ట పక్క ప్రతి బడిలోనూ చూపిస్తే బాగుండునని నాకుంది.

పైనుంచి పొర్లి తెగేవాటి కథ వేరు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లా చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, కింది పల్లెల్లో ప్రాణాలు పోయాయి. గేట్లు వదలగలిగినదానికన్నా ఎక్కువ వరద వచ్చింది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగిన నీరూ తోడైంది. అన్నమయ్యకు ఉన్న అయిదు గేట్లలో ఒకటి లేవలేదు. ఎక్కువ వరదకు ఆకాశాన్ని అనవచ్చు. గేటు లేవకపోవడానికి మాత్రం మనమే జవాబు చెప్పుకోవాలి. మనకు దగ్గర్లోని గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. గేటుకు కావలసింది గ్రీజు, రంగు, గొలుసులూ రోప్‌ల తనిఖీ, ఎండాకాలంలో ఒకసారి ఎత్తి దించి చూడటం. ఖర్చు స్వల్పం, కానీ ప్రారంభోత్సవాల్లేని పని, అందుకే వెనకబడుతుంది.

ఈ నిర్లక్ష్యం మన ఒక్కరిదే కాదు. 1889 మే 31న అమెరికాలోని జాన్స్‌టౌన్ పైనున్న పాత మట్టికట్ట తెగి 2,200 మందికి పైగా చనిపోయారు. అడుగు తూము గొట్టాలను అంతకుముందే పీకేశారు. చేపలు పోకుండా అలుగుకు కట్టిన జల్లెడలకు చెత్త అడ్డుపడింది. ఇది చదివినప్పుడు నాకు మన మురుగుకాలవల్లో లాకుల దగ్గర పేరుకునే గుర్రపుడెక్క గుర్తొచ్చింది. నల్లమడ వాగు పొంగినప్పుడు పెదనందిపాడు, కాకుమాను, బాపట్ల పొలాల రైతులకు ఈ అడ్డంకి ఎంత నష్టమో చెప్పక్కర్లేదు.

2024లో విజయవాడను ముంచింది కూడా ఒక పల్లె కట్టడం చుట్టూ జరిగిన కథే. వెలగలేరులో పదకొండు గేట్ల రెగ్యులేటర్ ఉంది. కొండల నుంచి దిగే బుడమేరు వాగు వరదను మళ్లింపు కాలవలోకి తిప్పి కృష్ణలో కలపడం దాని పని. అప్పుడు కాలవ మోయగలిగినదానికి మించి వరద వచ్చింది. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉండి దాన్ని లోపలికి రానివ్వలేదు. కాలవకట్ట మూడుచోట్ల తెగింది. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది.

ఇంత జరిగాక చట్టం ఏం చెబుతోంది? 2021 డ్యాంల భద్రతా చట్టం మంచిదే. వానలకు ముందు, తర్వాత తనిఖీ చేయాలంది, ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలంది. కానీ అది 15 మీటర్లకు మించిన డ్యాంలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి. వరద కరకట్టలను ఆ నిర్వచనం నుంచి పేరుపెట్టి మరీ తప్పించారు. చెరువుకట్టల్లో చాలావాటికి ఆ ఎత్తే ఉండదు. ఓలేరు కట్ట తెగితే మునిగే ఊళ్లకు ఈ తేడా ఏం ఊరట? రాష్ట్రం తనంతట తాను కరకట్టలకూ అదే తనిఖీని, అదే రాతపూర్వకమైన బాధ్యతను పెట్టుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. దాంతోపాటు లస్కరు కావాలి. ఏ మలుపులో ఏ ఏడు చెమ్మ తేలిందో, ఏ తూము పక్కన మట్టి కుంగిందో, రోజూ కట్ట మీద నడిచే మనిషికి తెలిసినట్టు ఏ కాగితానికీ తెలియదు. ఒక లస్కరు రిటైరై ఆ చోటు ఖాళీగా మిగిలితే ఆ కట్ట జ్ఞాపకం కూడా పోతుంది.

2024 వరదలో రేపల్లె వైపు కరకట్ట మీద ఊళ్లవాళ్లు, అధికారులు కలిసి ఇసుకబస్తాలు వేశారు. అలాంటి రాత్రుల్లో టార్చిలైటు నదివైపే తిరుగుతుంది. తిరగాల్సింది ఊరివైపు కట్ట అడుగుకు కూడా. ఇంకొక సంగతి. నీరు తగ్గుతోందని కబురు రాగానే అందరూ ఇళ్లకు మళ్లుతారు. వరద వేగంగా తీస్తే కట్టలో ఇంకిన నీరు అంత వేగంగా దిగదు. ఇన్నాళ్లూ నీరే ఆసరాగా నిలిచిన తడిబరువు నదివైపు వాలు మీద పడి, పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. బస్తాలు మోసినవాళ్లు నిద్రపోతున్న ఆ రెండు మూడు రోజులూ కట్ట మీద ఎవరో ఒకరు నడుస్తూ ఉండాలి.