ధర తక్కువ ట్రాక్టర్ కొనేముందు

హాస్టల్‌లో ఉండి పైచదువులకు వెళ్లినవాళ్లం సెలవులకు ఇంటికి పోతే మా ముందుకు రకరకాల కాగితాలు వస్తాయి. బ్యాంకు నోటీసు, ఆసుపత్రి రిపోర్టు, పాస్‌బుక్కులో తప్పుపడిన సర్వే నంబరు. ఇప్పుడు వాటిలో ట్రాక్టర్ కొటేషన్ కూడా చేరింది. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి "చదివి చెప్పరా, తీసుకోవచ్చా?" అని అడుగుతారు. నిజానికి ఆ కాగితంలో చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మోడల్ పేరు, హార్స్‌పవర్, ధర, డిస్కౌంట్, అంతే. తీసుకోవచ్చో లేదో తేల్చే సంగతులు దాని మీద ఉండవు. అందుకే మేము కొందరు డ్రైవర్లను, మెకానిక్‌లను అడిగి, దొరికిన రిపోర్టులు చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మన ఇళ్లలో ట్రాక్టర్ కొనేవాళ్లకు సొంత పొలం ఎకరమో రెండెకరాలో ఉంటుంది. మిగతాది కౌలు. బండి కొనేది ముఖ్యంగా ఊళ్లో బాడుగకు తోలడానికి. తమ్ముడో బావమరిదో డ్రైవరు. డౌన్ పేమెంటుకు ఇంట్లో బంగారం బ్యాంకుకు పోతుంది, ఉన్న ఎకరం లోనుకు తాకట్టు పడుతుంది. అందువల్ల ఆసామి కొనే ట్రాక్టరు వేరు, మనం కొనే ట్రాక్టరు వేరు. ఆయన బండి పాడైతే పక్క బండిని పిలిపించుకుంటాడు. మన బండి పాడైతే ఆ పక్క బండికి మన బేరాలు పోతాయి.

ముందుగా, ఒకే హార్స్‌పవర్‌లో ఒక బండి 7 లక్షల 50 వేలు, ఇంకొకటి 6 లక్షల 60 వేలు ఎందుకు ఉంటుందో చూడాలి. అన్ని చవకలూ ఒక రకం కావు. పెద్ద కంపెనీయే పవర్ స్టీరింగ్, ఆయిల్ బ్రేకులు తీసేసి సాదా మోడల్ తక్కువకు అమ్మవచ్చు. ఇందులో భయపడాల్సింది తక్కువ. నిరుడు తయారై షోరూంలో మిగిలిపోయిన బండిని తగ్గించి ఇవ్వవచ్చు. తయారైన నెల, సంవత్సరం అడిగితే ఇది బయటపడుతుంది. మూడో రకం, మన జిల్లాలో ఇంకా పాతుకోని కంపెనీ పేరు తెచ్చుకోవడానికి ధర తగ్గించడం. ఎక్కువ ఆలోచించాల్సింది ఈ మూడో రకం గురించే. ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు తగ్గింది. కనుక అంతకుముందు పక్కింటివాళ్లు కొన్న ధరతో ఇప్పటి కొటేషన్‌ను పోల్చి "బాగా తగ్గించాడు" అనుకోకూడదు.

"ఈ బండి గట్టిదేనా?" అన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు దొరుకుతుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన యంత్రాల పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ మోడళ్లను అక్కడ పరీక్షించి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఇంగ్లీషులో ఉంటాయి కానీ డిగ్రీ చదివేవాళ్లు నిఘంటువు పక్కన పెట్టుకుంటే అర్థమవుతాయి. వాటిలో మూడు చోట్లు చూస్తే చాలు. మొదటిది పీటీఓ దగ్గర వచ్చే శక్తి. కొటేషన్ మీద ఉండేది ఇంజన్ హార్స్‌పవర్, రొటవేటర్‌కు అందేది దానికన్నా తక్కువ. ఆ తేడా ఎంతో ఇక్కడ తెలుస్తుంది. రెండోది మాగాణిలో దమ్ము పరీక్ష. బురద నీళ్లలో తోలిన తర్వాత బండిని విప్పి, ఇరుసుల్లోకి, బ్రేకుల్లోకి బురద చేరిందా అని చూస్తారు. మూడోది పరీక్షలో వచ్చిన లోపాలు, రిపేర్ల పట్టిక. మన వైపు దమ్ములో తిరిగే బండికి ఆయిల్ సీళ్లు, క్లచ్చి ముందుగా దెబ్బతింటాయి కాబట్టి ఈ రెండో పేజీ మాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా కనిపించింది.

అయితే బుద్నీకి వెళ్లేది కొత్త బండి. నాలుగు సీజన్లు తిరిగాక ఎలా ఉంటుందో ఆ రిపోర్టు చెప్పదు. దానికి అదే మోడల్ మూడు నాలుగేళ్లుగా వాడుతున్నవాళ్లను వెతకాలి. ఓనరును కాక డ్రైవరును అడగాలని మా అభిప్రాయం. లక్షలు పోసి కొన్న ఓనరు తన బండిని తానే తక్కువ చేసి చెప్పుకోడు. డ్రైవరు మొహమాటం లేకుండా చెబుతాడు. అవర్ మీటర్ ఎంత చూపిస్తోంది, క్లచ్చి ప్లేటు ఎన్ని గంటలకు మార్చారు, లిఫ్టు బరువు మోస్తోందా జారిపోతోందా, పోయినసారి ఆగినప్పుడు ఎన్నాళ్లు ఆగింది అని అడగాలి. ఈ చివరి ప్రశ్న మీద ఎక్కువసేపు నిలబడండి.

ఎందుకంటే పాడవని ట్రాక్టరంటూ లేదు. మనల్ని ముంచేది పాడవడం కన్నా పాడై నిలబడటం. లెక్క వేద్దాం. రొటవేటర్‌కు గంటకు 1,200 రూపాయలు బాడుగ అనుకుందాం. సీజన్‌లో రోజుకు 10 గంటలు తిరిగితే 12 వేలు. గంటకు 6 లీటర్ల చొప్పున డీజిల్ ఖర్చు 5,800 దాకా పోతుంది. డ్రైవరు కూలి 900 తీసేస్తే చేతిలో 5 వేల పైచిలుకు మిగులుతుంది. ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి, మీ ఊరి అంకెలు వేసుకోండి. ఇప్పుడు చవక బండి కొని 90 వేలు మిగుల్చుకున్నామనుకుందాం. సీజన్‌లో రెండుసార్లు, ఒక్కోసారి తొమ్మిది రోజుల చొప్పున బండి ఆగితే 18 రోజులు. రోజుకు 5 వేలంటే సరిగ్గా 90 వేలు. మిగిలిందనుకున్నది ఒక్క సీజన్‌లో పోయింది. పైగా నాట్లు ఎవరి కోసమూ ఆగవు. మన బండి కోసం చూసిన రైతు వేరే బండిని పిలుస్తాడు, వచ్చే ఏడాది కూడా వాళ్లనే పిలుస్తాడు. వాయిదా మాత్రం ఆరు నెలలకు ఠంచనుగా వస్తుంది.

మాలో ఒకరి ఇంట్లో ఇలాగే జరిగింది. బండి మంచిదే, లాగుడు బాగుంది, డీజిల్ కూడా తక్కువే తాగేది. రెండో ఏడాది దమ్ముల మధ్యలో హైడ్రాలిక్ పంపు పోయింది. డీలరు దగ్గర పంపు లేదు. తెప్పిస్తామన్నారు. వారం తర్వాత వచ్చిన పార్సెల్‌లో ఉన్నది వేరే మోడల్ పంపు. మళ్లీ పంపించి, మళ్లీ తెప్పించేసరికి పదహారు రోజులు. గొర్రు పైకి లేవని ట్రాక్టరుతో దమ్ము ఏం చేస్తారు? ఆ సంవత్సరం వాయిదా వడ్డీకి తెచ్చి కట్టారు. బండిలో పెద్ద లోపం లేదు, పంపులు ఎవరివైనా పోతాయి. అది దొరికే చోటు దూరం కావడమే వాళ్ల కొంప ముంచింది.

ఇక్కడ విడిభాగాల గురించి కొంచెం తెలుసుకోవాలి. ట్రాక్టరులో అన్నీ ఆ కంపెనీవే ఉండవు. బ్యాటరీ, టైర్లు, బేరింగులు, సెల్ఫ్ మోటారు, డీజిల్ పంపు లాంటివి చాలావరకు బయటి కంపెనీల నుంచి తెచ్చి బిగిస్తారు. ఇవి పట్నంలో ఏ పెద్ద షాపులోనైనా దొరుకుతాయి, ఏ మేస్త్రీ అయినా బాగుచేస్తాడు. గేర్లు, హైడ్రాలిక్ సామాను, ఇరుసు, హౌసింగులు మాత్రం ఆ మోడల్‌వే కావాలి. ఊళ్లలో ఎక్కువ తిరిగే మోడల్ అయితే ఇవి కూడా బయట డూప్లికేట్‌వైనా, సెకండ్‌హ్యాండ్‌వైనా దొరుకుతాయి. అరుదైన మోడల్‌కు డీలరే దిక్కు. "ఊళ్లో అందరూ కొన్నదే కొనరా" అని పెద్దలు చెప్పేది ఇందుకే. అది గుడ్డిగా చెప్పిన మాట కాదు.

కాబట్టి డీలరును కూడా బండిని చూసినట్టే చూడాలి. సేల్స్‌మన్ ఇంటికి వచ్చి "అన్నా, మేమున్నాం కదా" అంటాడు. మరుసటి ఏడాది అతను వేరే కంపెనీలో ఉంటాడు. మనం పోవాల్సింది వర్క్‌షాపుకు. అదీ చెప్పకుండా, దమ్ముల రోజుల్లో. ఆవరణలో ఎన్ని బండ్లు విప్పి పడి ఉన్నాయో చూడండి. వాటి పక్కన కూర్చున్నవాళ్లను ఎప్పుడు వచ్చారని అడగండి. వాళ్లు చెప్పే జవాబు ఏ ప్రకటనలోనూ రాదు. తర్వాత విడిభాగాల కౌంటరు దగ్గరికి పోయి ముందు ఇరుసు ఆయిల్ సీలు, క్లచ్చి ప్లేటు, హైడ్రాలిక్ పంపు ఇప్పుడు ఉన్నాయా, ధరెంత అని అడగండి. ఫిల్టర్లు అందరి దగ్గరా ఉంటాయి, అవి అడిగి లాభం లేదు. "తెప్పిస్తాం" అంటే ఎక్కడి నుంచి అని అడగాలి. విజయవాడ గోడౌన్ నుంచి రావడానికీ, వేరే రాష్ట్రంలోని ఫ్యాక్టరీ నుంచి రావడానికీ ఎంత తేడా ఉంటుందో పైన చెప్పిన ఇంటివాళ్లకు తెలుసు.

మండల కేంద్రాల్లో ఒక బోర్డు, ఒక టేబులు, బయట రెండు కొత్త బండ్లు పెట్టుకుని అమ్మే సబ్ డీలర్లు ఉంటారు. మన దగ్గరే ఉన్నాడు కదా అనిపిస్తుంది. చాలాచోట్ల అక్కడ మెకానిక్ ఉండడు. వారంటీ పనికి పెద్ద డీలరు దగ్గరికే పోవాలి. ఆయన ఎంత దూరంలో ఉన్నాడు, మెకానిక్ పొలానికి వస్తాడా, వస్తే ఎంత తీసుకుంటాడు అనేవి కొనకముందే తేల్చుకోవాలి. ఆ ఏజెన్సీ ఎన్నాళ్లుగా ఉంది, మధ్యలో ఎన్ని చేతులు మారింది అన్నది కూడా. ఇంకొకరి మాట తప్పకుండా వినాలి. ఆయన మీ మండలంలో షెడ్డు వేసుకున్న బయటి మేస్త్రీ. వారంటీ అయిపోయాక బండి ఆయన చేతుల్లోనే ఉంటుంది. "ఆ బండి నేనెప్పుడూ విప్పలేదు" అన్నాడంటే ఆలోచించాల్సిందే.

కంపెనీ పెద్దదైతే చాలు అనుకోవడానికి కూడా లేదు. హెచ్.ఎం.టి. సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1971లో జెకోస్లొవేకియా వారి జెటార్ సహకారంతో పింజోర్‌లో ట్రాక్టర్లు మొదలుపెట్టింది. ఆ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మరోవైపు ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి, స్వరాజ్ తయారుచేసే పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి వెళ్లినా ఆ పేర్లతో బండ్లు వస్తూనే ఉన్నాయి.

వారంటీ గురించి రెండు మాటలు. "ఆరేళ్ల వారంటీ" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాల్లో చూస్తే బండి మొత్తానికి వర్తించేది మొదటి కొన్నేళ్లే, ఆ తర్వాత ఇంజను, గేర్‌బాక్సు లాంటివాటికి మాత్రమే అని రాసి ఉండవచ్చు. క్లచ్చి ప్లేటు లాంటి అరిగే సామానుకు మామూలుగా వారంటీ రాదు. టైర్లకు, బ్యాటరీకి వాటి కంపెనీలే బాధ్యత. పుస్తకంలో చెప్పిన గంటలకు డీలరు దగ్గరే సర్వీసు చేయించి కూపన్ మీద ముద్ర వేయించుకోకపోతే రేపు వారంటీ అడిగినప్పుడు అదే సాకు చూపిస్తారు.

ఇంతా చెప్పి చవక బండి వద్దే వద్దంటున్నామా అంటే, లేదు. సొంతానికీ కౌలుకూ కలిపి ఏడాదికి రెండు మూడు వందల గంటలు తోలేవాళ్లకు, వర్క్‌షాపు ఇరవై కిలోమీటర్లలోపు ఉంటే, ఆ 90 వేలు నిజంగా మిగిలినట్టే. అంత లోను తగ్గుతుంది, అంత వడ్డీ తగ్గుతుంది. తిరిగి అమ్మేటప్పుడు ధర తక్కువ పలుకుతుందని మాత్రం లెక్కలో వేసుకోవాలి. పగలూ రాత్రీ బాడుగకు తోలేవాళ్లు మాత్రం సామాను దొరికే బండికే పోవాలి, రెండు మెట్లు తక్కువ హార్స్‌పవర్ అయినా సరే. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీతో తీసుకునేవాళ్లకు ఇది ఇంకా వర్తిస్తుంది. ఆ అవకాశం రెండోసారి వస్తుందని చెప్పలేం.

బండి తీసుకున్నాక ఇబ్బంది వస్తే నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. వర్క్‌షాపులో వదిలిన ప్రతిసారీ తేదీ, అవర్ మీటర్ అంకె, లోపం రాసిన జాబ్ కార్డు తీసుకోవాలి. బండి ఎన్ని రోజులు ఆగిందో రుజువు చేసేది అదే. డీలరు పలకకపోతే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే, సమస్య వచ్చిన రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. 5 నుంచి 10 లక్షల మధ్య పెట్టి కొన్న వస్తువుకు ఫీజు 200 రూపాయలే. అక్కడ కంపెనీ లాయరు "బాడుగకు తిప్పుతున్నాడు, ఇది వ్యాపారం, ఇతను వినియోగదారుడు కాడు" అని వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొనుక్కున్నదాన్ని వ్యాపారంగా చూడకూడదని ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి ఫిర్యాదు మొదటి పేజీలోనే, ఈ ట్రాక్టరు కుటుంబ జీవనాధారం కోసం కొన్నదని, తోలేది ఇంటివాళ్లేనని రాయాలి. ఇంట్లో ఆ కాగితం రాయగలిగింది మీరే కాబట్టి ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.